కూలంకషముగా

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకుడొకడు, అభ్యాసమునకై వ్రాసిన వ్యాసము నొకదానిని దిద్దుమని ఇటీవల మాకు తెచ్చి యిచ్చెను. విషయము నగరములోని చెరువుల రక్షణ. నాలుగు పుటలలో ‘సమగ్రముగా’ అని ఏడు మారులు, ‘క్షుణ్ణముగా’ అని ఐదు మారులు, ‘కూలంకషముగా’ అని మూడు మారులు వ్రాసినాడు. ఏ చెరువును ఎవరు చూడవలెను, ఏమి కొలువవలెను, ఏ పాత పటముతో సరిచూడవలెను అనుదానికి మాత్రము ఒక్క వాక్యమును లేదు.

తప్పు వాని యొక్కనిది కాదు. అశోక్‌నగరు వీథులలో శిక్షణాలయముల ప్రకటనలను చదువుకొనుచు నడచినచో ఈ మాటలే కనబడును. దినపత్రిక విప్పినను ఇవియే. దర్యాప్తు సమగ్రముగా జరుగును. తనిఖీ క్షుణ్ణముగా సాగును. చర్చ కూలంకషముగా ముగియును. ఏమి తేలినదని యడిగినచో బదులు లేదు. క్రియావిశేషణము క్రియ జరిగిన తీరును తెలుపవలసినది. ఇవి ఆ పని మాని, కర్తకు యోగ్యతాపత్రము లిచ్చుచున్నవి.

పుట్టుకచేత ఇవి యిట్టివి కావు. ‘క్షుణ్ణ’ మనగా దంచబడినది, నలుగద్రొక్కబడినది. రోటిలో రోకటిపోటు తగులని గింజ యుండరాదు. ‘కూలంకష’ శబ్దమునకు పాణిని ప్రత్యేకముగా సూత్రమే చేసినాడు: సర్వము, కూలము, అభ్రము, కరీషము అను నాలుగు పదములపై ‘కష’ ధాతువునకు ప్రత్యయము విధించినాడు. కూలమనగా ఒడ్డు. రెండు ఒడ్డులను ఒరసికొనుచు, కోసికొనుచు పారు నది కూలంకష. శాస్త్రము నట్లు అంచులదాక ఒరసి చూచినవాడే ఆ మాటకు తగినవాడు. లోయర్ ట్యాంక్ బండ్ ప్రాంతమువారికి ఈ యర్థము నిఘంటువు చూచి తెలిసికొనవలసిన పని లేదు. 2000 ఆగస్టులో కురిసిన వానలకు హుస్సేన్‌సాగరు మిగులునీరు పారు నాలా పొంగి, పల్లపు టిండ్లలోనికి నీరు వచ్చినపుడు ఈ శబ్దమును కన్నులార చూచినవారు వారు.

అదే సూత్రమునుండి పుట్టిన ‘సర్వంకష’ అను పేరును మన మల్లినాథసూరి మాఘకావ్య వ్యాఖ్యకు పెట్టుకొనెను. ఆయన యింటిపేరు మెదకు సీమలోని కొల్చారమునకు చెందినది. అంత పేరు పెట్టుకొనుట బడాయి కాదా యని శంకించువారు ఆ వ్యాఖ్యలో ఏ పుటనైనను తెరచి చూడవచ్చును. శ్లోకము నన్వయించును, పదమునకు పర్యాయము చెప్పును, సమాసమును విప్పును, కోశమును చూపును, రూపము సందిగ్ధమైనచో సూత్రము నుదాహరించును, అలంకారమును పేర్కొనును. మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు కాళిదాస వ్యాఖ్యలో ప్రతిజ్ఞ చేసికొన్నవా డాయన. పేరు ముందు వచ్చినను, పని దానిని నిలబెట్టినది.

తెలుగునకు తనదైన మార్గము వేరొకటి కలదు. పూసగ్రుచ్చినట్లు చెప్పెను, జల్లెడపట్టి వెదకిరి, తు చ తప్పక వ్రాసెను అన్నప్పుడు చేయి కనబడును, పనిముట్టు కనబడును. తు, చ అను రెండు చిన్న యవ్యయములైనను జారిపోలేదట! అంతకన్న సూక్ష్మమైన కొలత యేమున్నది? ఆమ్రేడితము మరియు నుపయోగకారి: ఇంటింటికి, ఊరూరికి, ఒకటొకటిగా. పని ఎట్లు నడచినదో ద్విరుక్తియే చెప్పివేయును.

ఇది వట్టి మాటల ముచ్చట కాదు. 2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణములో ఒక్క దినమున జరిగిన గణనకు ‘సమగ్ర కుటుంబ సర్వే’ అని పేరు. 2024 నవంబరులో ఆరంభించిన గణన పేరులో ‘సమగ్ర’ ప్రక్కన ‘ఇంటింటి’ అను మాటయు చేరినది. సమగ్రత ఆశయము, ఇంటింటికి పోవుట పద్ధతి. 2025 ఫిబ్రవరిలో లెక్కలు ప్రకటించినప్పుడు, నూటికి సుమారు 3 కుటుంబములు మిగిలిపోయినవని ప్రభుత్వమే చెప్పి, వారికొరకు మరల గడువిచ్చెను. మా యిల్లు తప్పినదని సామాన్యుడు నిలదీయుటకు ‘ఇంటింటి’ యను మాట ఆధార మగును. ‘సమగ్ర’మును పట్టుకొని యెవడు ఏమని యడుగగలడు?

సంస్కృతమును నిందించుట మా యుద్దేశము కాదు. ఆ భాష పెట్టిన యన్నము తినుచున్నవారము. నిందింపవలసివచ్చినచో ముందు మమ్మే నిందించుకొనవలెను. పిల్లవాని వ్యాసము దిద్దుటకు పూనుకొని, తొలిపుట యంచున ఎఱ్ఱసిరాతో మేము వ్రాసినది: ‘విషయమును క్షుణ్ణముగా చదివి వ్రాయుము.’ సిరా ఆరకమునుపే సిగ్గు కలిగినది. ఇరువది యేండ్లుగా ఎన్ని వందల కాగితములపై ఈ వాక్యము వ్రాసితిమో! ఏ పుస్తకము, ఏ ప్రకరణము, ఎన్ని మారులు, ఏమి గుర్తు పెట్టుకొనుచు చదువవలెనో ఏ యొక్కనికిని చెప్పినట్లు జ్ఞాపకము లేదు.

దానిని కొట్టివేసి, ‘కట్ట క్రిందనుండి నారాయణగూడ వైపునకు నాలా వెంబడి నడిచి, చూచినది వ్రాసికొని రమ్ము’ అని వ్రాసితిమి. పది దినములకు అతడు రెండు పుటలు మాత్రము తెచ్చెను. ఎచ్చట నాలా ఇరుకైనదో, ఎచ్చట చెత్త అడ్డుపడినదో, ఏ గోడమీద పాత వరదనీటి మట్టమును వృద్ధులు చూపిరో వరుసగా నున్నది. సమగ్రములు, క్షుణ్ణములు మాయమైనవి. 2000 నాటి వరదను గూర్చి వృద్ధులు చెప్పినది వ్రాయుచోట మాత్రము, నీరు కూలంకషముగా పారినదని యొక్క వాక్యమున్నది. ఆ మాటను మేము ముట్టలేదు; దాని ప్రక్కనున్న వర్ణక్రమదోషమును మాత్రము దిద్దితిమి.