అలవాటైపోయిన ఊగుడు

సంక్రాంతికి మా తమ్ముడు మద్రాసు నుంచి వచ్చాడు. ముక్కనుమ వెళ్లిన మర్నాడు తెనాలిలో పెద్దమ్మగారింటికి బయల్దేరుతుంటే, బల్ల మీద తాళాలు చూసి “నేను నడుపుతా” అన్నాడు. మాది 2002 నాటి ఫోర్డ్ ఐకాన్, 1.6 పెట్రోలు బండి. కొన్న కొత్తలో నాకంటే వాడే ఎక్కువ నడిపాడు. అక్కడ ఉద్యోగంలో స్థిరపడ్డాక పన్నెండేళ్లుగా దాని స్టీరింగ్ పట్టుకోలేదు.

వారధి దాటి హైవే ఎక్కాం. ఒక లారీని దాటి మళ్లీ లైన్లోకి వచ్చాడు. ఏమీ అనలేదు. కాసేపటికి ఇంకో లారీని దాటాడు. ఈసారి వేగం తగ్గించి, కిటికీ అద్దం పైకెత్తి, చెవి ఒగ్గి విన్నాడు.

“అన్నయ్యా, బండికేమైంది?”

“ఏమైంది? బాగానే ఉందిగా.”

“ఎక్కడ బాగుంది! తిప్పితే ఒక్క క్షణం ఆగి తిరుగుతోంది. తిరిగాక కాసేపు ఊగి గానీ కుదురుకోవడం లేదు. ఇదివరకు ఇలా ఉండేది కాదు.”

నేను రోజూ నడిపే బండి అది. నాకు ఏ తేడా తెలియలేదు. ఆ రాత్రి పడుకున్నా అదే ఆలోచన. ఇంజను పాడైతే బండి ఆగిపోతుంది. బ్రేకు పాడైతే భయం వేస్తుంది. సస్పెన్షన్ మాత్రం రోజుకి వెంట్రుకవాసి చొప్పున అరుగుతుంది, మన ఒళ్లు కూడా అదే లెక్కన దానికి అలవాటు పడిపోతుంది. మలుపు దగ్గర కాస్త ముందే తిప్పుతాం. గతుకు కనపడగానే నడుం బిగపట్టుకుంటాం. బండి చేయాల్సిన పనిలో కొంత మన చేతులే చేసేస్తుంటాయి. అందుకే రోజూ నడిపేవాడికి అది కనపడదు, పన్నెండేళ్ల తర్వాత వచ్చినవాడికి రెండో లారీ దగ్గరే తెలిసిపోతుంది.

ఐకాన్ 1999 చివర్లో మన రోడ్ల మీదికి వచ్చింది. మద్రాసు పక్కన మరైమలై నగర్‌లో తయారయ్యేది. ఫియెస్టా అనే చిన్న బండినే తీసుకుని, వెనక డిక్కీ పెట్టి, మన దేశం కోసం మలిచారు. ‘జోష్ మెషీన్’ అని టీవీలో ప్రకటన వచ్చేది. 1.6 ఇంజను బలం 90 హార్స్‌పవర్‌ పైమాటే. ఆ రోజుల్లో ఆ ధరలో అది పెద్ద మాట. జనం ఆ హార్స్‌పవర్ గురించే చెప్పుకున్నారు. నేను మనసు పడింది మాత్రం దాని కింద భాగానికి. చెయ్యి ఎంత తిప్పితే ముక్కు అంత తిరిగేది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, ఒక మలుపు అయిపోయి ఇంకో మలుపు మొదలయ్యేలోపు బండి తనంతట తానే నిలదొక్కుకుని తయారుగా ఉండేది. ఆ సుఖం తెలిసినవాణ్ని, అది చేజారిపోతుంటే గమనించుకోలేదన్నదే నా బాధ.

ఈ బండి ముందు చక్రాల అమరిక పేరు మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు జనరల్ మోటార్స్‌ వదిలి 1947లో ఫోర్డ్‌కి వచ్చాడు. ఆయన పద్ధతితో 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లు వచ్చాయి. అందులో గొప్పతనం పొదుపే. స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఒకే నిలువు స్తంభం. చక్రం పక్కకి తిరగడానికి ఇరుసు కూడా ఆ స్తంభమే. కింద ఒక లోయర్ ఆర్మ్, పైన ఒక మౌంటింగ్, అంతే. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు భాగం ఇదే. ఇంత తక్కువ సామానుతో అంత బరువు మోస్తుంది కాబట్టే, ఉన్న నాలుగు రబ్బర్లలో ఒక్కటి చినిగినా ఆ సంగతి నేరుగా స్టీరింగ్ దాకా వస్తుంది.

మర్నాడు ఆటోనగర్ వెళ్లాను. లారీల కమాను కట్టలు కొట్టే సుత్తి చప్పుళ్ల మధ్య, కార్లు మాత్రమే చూసే ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన బండి చూడకుండానే అన్నాడు: “గతుకుల రోడ్డు మీద ఒక పావుగంట తిప్పుకుని రా బాబూ. ఎక్కడా ఆగొద్దు, నేరుగా ఇక్కడికే రావాలి.”

తిప్పుకొచ్చాను. దిగీ దిగగానే ఆయన కింద కూర్చుని, చక్రం సందులోంచి చెయ్యి దూర్చి, వెనక ఎడమవైపు షాకబ్జర్ గొట్టానికి అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. తర్వాత కుడివైపు. “నువ్వూ పట్టుకుని చూడు” అన్నాడు. ఎడమది వెచ్చగా ఉంది. కుడిది చల్లగా ఉంది. అంటే కుడిది పని చేయడం లేదు.

షాకబ్జర్ అన్న పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. కుదుపును తీసుకునేది స్ప్రింగు. తీసుకున్న ప్రతి కుదుపుకీ స్ప్రింగు మళ్లీ మళ్లీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడుని ఆపడమే షాకబ్జర్ పని. లోపల పిస్టన్ కదులుతుంటే నూనె సన్నటి కంతల్లోంచి దూరాలి. ఆ ఒరిపిడికి ఊగుడు కాస్తా వేడిగా మారిపోతుంది. నూనె కారిపోయినా, లోపలి వాల్వు అరిగినా వేడి పుట్టదు. బానెట్ మీద చేతులేసి నొక్కి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టడం చాలామందికి తెలిసిన పరీక్షే గానీ, పూర్తిగా చచ్చిన షాకబ్జర్ మాత్రమే అందులో దొరుకుతుంది. సగం చచ్చినది తప్పించుకుంటుంది. గొట్టం వెచ్చదనం అంతకంటే నమ్మకమైన సాక్ష్యం.

తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పన్నెండూ ఆరు గంటల దగ్గర పట్టి ఊపాడు, తొమ్మిదీ మూడు దగ్గర పట్టి ఊపాడు. మొదటిదాంట్లో లూజు ఉంటే బేరింగో బాల్ జాయింటో. రెండోదాంట్లోనే ఉంటే స్టీరింగ్ రాడ్ చివర్లు చూసుకోవాలి. మాకు రెండూ గట్టిగానే ఉన్నాయి. చివరికి ఒక ఇనప రాడ్డు పెట్టి లోయర్ ఆర్మ్‌ని ఓరగా నెట్టాడు. బుష్‌లో రబ్బరు నోరు తెరిచింది. చీలిక లోపల గోరు దూరేంత సందు. తమ్ముడు చెప్పిన ‘ఒక్క క్షణం’ అదే. నేను స్టీరింగ్ తిప్పగానే ముందు ఆ సందు మూసుకుంటోంది, ఆ తర్వాతే చక్రం తిరుగుతోంది.

ఆ బుష్‌లు రెండేళ్ల కిందటే మార్పించాను. వేరే చోట, పెద్ద లిఫ్టు ఉన్న షెడ్డులో. అక్కడ ఏం జరిగిందో బాబాయ్ ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు. “బోల్టులు బిగించేటప్పుడు చక్రాలు నేల మీద ఉన్నాయా, గాల్లో ఉన్నాయా?” గాల్లోనే ఉన్నాయి. నేను అక్కడే నిలబడి చూశాను, అడగాలని తెలియలేదు.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పాత బండ్ల బుష్‌లు ఊరికే పోవడానికి ఇదొక పెద్ద కారణం. ఈ బుష్‌లో బయట ఒక ఇనప గొట్టం, లోపల ఒక గొట్టం, మధ్యన రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఛాసిస్‌కి కట్టుబడిపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు రబ్బరు ఏ మెలీ లేకుండా ఉండాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, వేలాడే స్థితే దానికి విశ్రాంతి అవుతుంది. లిఫ్టు దించగానే మెలి పడుతుంది, ఇక రాత్రీ పగలూ ఆ మెలిలోనే ఉంటుంది. అలాంటి రబ్బరు చినగక ఏం చేస్తుంది? సర్వీసు మాన్యువల్‌లో బరువు చక్రాల మీద ఉంచి బిగించమని చెప్పేది ఇందుకే. ఒక్క వాక్యం. పాటిస్తే ఏళ్లు నిలుస్తుంది, వదిలేస్తే తొందరగా పోతుంది.

ఫోర్డ్ మన దేశంలో బండ్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో చెప్పింది. ఐకాన్ తయారీ అంతకు చాలా ముందే ఆగింది. సామాను కోసం మద్రాసు పుదుపేట వెళ్లి, తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఒక రోజంతా తిరిగాను. అక్కడ నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఇనుము పాతదైనా సరే, రబ్బరూ నూనే ఉన్నవి మాత్రం పాతవి ముట్టుకోకూడదు. ఒకతను పదేళ్లుగా కవరు విప్పని బుష్ చూపించాడు. కొత్తదే, వాడనిదే. గోటితో నొక్కితే చెక్కలా ఉంది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. టైరు సంగతీ అంతే. పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో పుట్టిందని. పాత బండి కొనేవాళ్లు మీటరు రీడింగ్ కంటే ముందు ఆ అంకెలు చదవడం మంచిది.

చివరికి బుష్‌లూ, షాకబ్జర్ల జతా కొత్తవే దొరికాయి. షాకబ్జర్ ఒకటే పోయినా ఒకే ఇరుసు మీది రెండూ మార్చాలి. ఒకవైపు బిగువుగా, రెండోవైపు వదులుగా ఉంటే హైవే మీద గట్టిగా బ్రేకు వేసిన రోజున ఆ తేడా బయటపడుతుంది.

ఇక్కడ స్పెసిఫికేషన్ల గురించి ఒక మాట. ఆ అంకెలు నాకు ఇప్పుడు చాలా ప్రియమైనవి. మన ఒళ్లు మర్చిపోయేదాన్ని అవి గుర్తుపెట్టుకుంటాయి. అలైన్‌మెంట్ చేసేచోట టో, కాంబర్, కాస్టర్ అని చక్రాల కోణాల అంకెలు మూడు కాగితం మీద వేసి ఇస్తారు. మా బండిలో ముందు చక్రాలకి సర్దడానికి వీలుండేది టో ఒక్కటే. మిగతా రెండూ తేడాగా చూపిస్తే సర్దేది ఏమీ లేదు, ఏదో వంగిందనో అరిగిందనో అర్థం. బుష్ చినిగిన బండికి అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ. నిలబడ్డప్పుడు ఒక అంకె, బ్రేకు వేసినప్పుడు ఇంకో అంకె. టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటికీ, బయటి నుంచి లోపలికీ నిమిరి చూస్తే ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా తగులుతుంది. టో తప్పిందని ఆ రంపమే చెబుతుంది.

కొలత రోడ్డుకీ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్ధంతో, 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేయొచ్చు. మా కాలనీలో ఉన్నది రెండు అడుగుల వెడల్పున, గోడలా లేచి ఉంటుంది. రోజూ ఆ గోడలు ఎక్కి దిగే బండి మీద మన శ్రద్ధ ఇంకాస్త ఎక్కువే ఉండాలి.

స్పీడ్ బ్రేకరు ముందు చక్రాలకి మొదట తగులుతుంది, వెనక చక్రాలకి ఒక్క క్షణం ఆలస్యంగా. ఇరుసుల మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు. గంటకి 36 కిలోమీటర్ల వేగంలో ఆ ఆలస్యం పావు సెకను. ముందు భాగం అప్పటికే ఊగడం మొదలెట్టింది. వెనక భాగం కాస్త త్వరగా ఊగితే దాన్ని అందుకుని, రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి, మనకి తల ఊగదు. 1930లలో జనరల్ మోటార్స్‌లో మోరిస్ ఆలీ అనే ఇంజనీరు ఈ సంగతి పట్టుకున్నాడు. అందుకే ముందు స్ప్రింగులకీ వెనక స్ప్రింగులకీ లెక్క వేరు. బండి అందంగా ఉండాలని స్ప్రింగులు కోసి కిందికి దించేవాళ్లు ఈ లెక్కంతటినీ చెరిపేస్తున్నారు. మెక్‌ఫర్సన్ బండిని మరీ దించితే లోయర్ ఆర్మ్ కోణం తిరగబడి, మలుపులో టైరు నేలని ఆనే తీరే మారిపోతుంది. చూపుకి స్పోర్ట్స్ కారు, నడకకి కాదు. నాకు దానికి మనసొప్పదు.

పని జరిగిన రోజు పొద్దుటే వెళ్లాను. స్ట్రట్ విప్పేటప్పుడు బాబాయ్ పక్కనున్న కుర్రాణ్ని దూరంగా నిలబెట్టి, కంప్రెసర్ రెండు వైపులా సమంగా తిప్పుతూ స్ప్రింగుని నొక్కాడు. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది. దాన్ని తాడుతో కట్టి విప్పేవాళ్లని చూశాను. ఆ పని ఎవరూ చేయకూడదు.

అన్నీ బిగించాక, ఆర్మ్ బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి, బండిని గొయ్యి మీద నాలుగు చక్రాలపై నిలబెట్టారు. రెండుసార్లు ముందుకీ వెనక్కీ దొర్లించారు. “నువ్వు లోపల కూర్చో బాబూ. రోజూ బండి మోసేది నీ బరువే కదా” అన్నాడు. కూర్చున్నాను. కాళ్ల కింద ఎక్కడో ఆయన పానా తగులుతున్న చప్పుడు, ఆ తర్వాత నేను తీసుకెళ్లిన టార్క్ రెంచ్ ‘టిక్’ మనడం. ఒక్కో టిక్కుకీ బండి ఒళ్లు సన్నగా అదిరింది.

ఇంటికొచ్చి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో సమంగా ఉన్న చోట ఆపి, టైర్లలో గాలి సరిచూసి, దర్జీ టేపుతో ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచాను. నాలుగు అంకెలు, తేదీ, పెట్రోలు సగం ట్యాంకు అని డైరీలో రాసుకున్నాను. ఇక ఆర్నెల్లకోసారి ఇదే చోట, ఇలాగే కొలుస్తాను. ఎక్కడైనా ఒక సెంటీమీటరు తగ్గిందంటే ఆ మూల స్ప్రింగు కూర్చుందనో విరిగిందనో అర్థం.

మాఘంలో మా బంధువుల పెళ్లికి తమ్ముడు మళ్లీ వచ్చాడు. మళ్లీ తెనాలి ప్రయాణమే. నేనేమీ చెప్పకుండా తాళాలు ఇచ్చాను. వారధి దాటాడు, లారీని దాటాడు, ఏమీ అనలేదు. మంగళగిరి దాటాం. దుగ్గిరాల దగ్గర పడుతుండగా వేగం తగ్గించి నా వైపు చూశాడు.

“అన్నయ్యా, ఇక్కణ్నుంచి కాలవ కట్ట మీదుగా పోదామా? కాస్త చుట్టు అవుతుంది గానీ, మలుపులు బాగుంటాయి.”