పంచనళీయం – క్వాంటం ప్రక్రియల భేదనిర్ణయం: ఒక తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

రెండింటి మధ్య భేదం ఉండటం వేరు, ఆ భేదాన్ని కనిపెట్టగలగటం వేరు. ఈ అంతరాన్ని కావ్యమూ, గణనశాస్త్రమూ తమ తమ మార్గాల్లో చర్చించాయి. వీటిని పోల్చే వ్యాఖ్యానం ‘ఇది మన పూర్వులకు ముందే తెలుసు’ అనే దగ్గర ఆగితే విమర్శ కాజాలదు. సామ్యం ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో చూపటమే విమర్శ పని.

పంచనళీయం

శ్రీహర్షుని నైషధీయచరితను శ్రీనాథుడు శృంగారనైషధంగా తెనిగించాడు. దమయంతీ స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపంతో వస్తారు. శ్రీహర్షుని కావ్యంలో సరస్వతి చేసే పరిచయం శ్లేషమయం. ప్రతి వర్ణనా ఆ దేవునికీ, నలునికీ కూడా అన్వయిస్తుంది. ఆమె అసత్యం పలకదు. అయినా ఆ సత్యం దమయంతికి నిర్ణయాన్ని ఇవ్వదు. ఇద్దరి విషయంలోనూ ఒకే సమాధానం వచ్చే ప్రశ్న భేదాన్ని చూపలేదు. కనుక ఇక్కడి శ్లేషను కేవలం శబ్దచమత్కారంగా చూడటం చాలదు. కథాసమస్యను నిర్మించింది అదే.

క్వాంటం ప్రక్రియలు

రెండు క్వాంటం సర్క్యూట్ల వివరణలు చేతిలో ఉన్నాయి. ఏదో ఒక ఇన్‌పుట్‌కు వాటి ఫలితాలు స్పష్టంగా వేరవుతాయా, లేక ఏ ఇన్‌పుట్‌కైనా దాదాపు ఒకేలా ఉంటాయా? అమరావతి క్వాంటం వ్యాలీకి 2025లో ప్రకటించిన యంత్రం 156 క్యూబిట్లది. అంతటి యంత్రపు స్థితిని పూర్తిగా వర్ణించటానికి సాధారణంగా అవసరమయ్యే రాశుల లెక్కే 47 అంకెల సంఖ్య. అన్ని ఇన్‌పుట్లనూ పరీక్షించి తేల్చటం అసాధ్యం.

ఈ సమస్య క్వాంటం పరస్పర నిరూపణల వర్గంలోని అత్యంత కఠిన సమస్యలతో సమానమని రాస్గెన్, వాట్రస్ 2005లో నిరూపించారు. ఆ వర్గం పిస్పేస్‌తో, అంటే కాలపరిమితి లేకుండా మితమైన స్మృతితో సాధించగల సమస్యల వర్గంతో సమానమని జైన్, జి, ఉపాధ్యాయ్, వాట్రస్ 2009లో చూపారు. దీనికి వేగవంతమైన పద్ధతి ఉండదనే శాస్త్రజ్ఞుల విశ్వాసం.

పరస్పర నిరూపణ

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు మామిడి కొనే వ్యక్తికి చిన్నరసం, పెద్దరసం రుచుల్లో తేడా తెలియదనుకుందాం. తనకు తెలుసునని వర్తకుడంటాడు. కొనే వ్యక్తి రెండు గ్లాసుల రసాల్లో ఒకదాన్ని రహస్యంగా ఎంచి అందిస్తాడు. అది ఏదో వర్తకుడు చెప్పాలి. నిజంగా తేడా లేకపోతే వరుసగా 20 సార్లు సరిగా చెప్పే అవకాశం పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ. క్వాంటం నిరూపణ పద్ధతీ ఇదే. నిరూపకుడు ఇన్‌పుట్ ఇస్తాడు. పరీక్షకుడు రెండు ప్రక్రియల్లో ఒకదాన్ని రహస్యంగా దానిపై నడుపుతాడు. అది ఏదో నిరూపకుడు చెప్పాలి.

సామ్యం – భేదం

దమయంతి కూడా తనకంటే శక్తిమంతులైన వారితోనే వ్యవహరిస్తుంది. సామ్యం అంతవరకే. రెప్పపాటు లేని కన్నులు, నేల తాకని పాదాలు, చెమటపట్టని దేహం, వాడని పూలమాల దేవతల చిహ్నాలు. ఆమె ప్రార్థనకు ప్రసన్నులై, మారురూపం ధరించినవారే వాటిని వెల్లడిస్తారు. పరీక్షకునికి అటువంటి చిహ్నాల పట్టిక లేదు. నిరూపకుని అనుగ్రహాన్ని అతడు నమ్మడు. అతని ఆధారం తన రహస్యమైన ఎంపిక ఒక్కటే.

ముగింపు

కావ్యంలో నిర్ణయం శరణాగతి వల్ల, శాస్త్రంలో అవిశ్వాసం వల్ల లభిస్తుంది. ఈ తేడాను చెరిపి రెండూ ఒకటేననటం కావ్యానికీ, శాస్త్రానికీ అన్యాయమే. తరగతిగదిలో పంచనళీయాన్ని బోధించేటప్పుడు ‘దమయంతి ఎలా కనిపెట్టింది?’ అనే ప్రశ్నకు ముందు ‘ఆమెకు కనిపెట్టే వీలును ఎవరు కల్పించారు?’ అని అడగటం సముచితం. క్వాంటం యంత్రం చెప్పిన పనే చేస్తున్నదా అని రేపు అడగవలసిన సమాజానికి కూడా ఆ ప్రశ్న అవసరం.