బేడ పెట్టి మల్లెపూలు

పోయిన వారం ఒక కుర్ర రచయిత తన కథ పంపాడు. నాలుగిళ్లలో పనిచేసే ఆవిడ కూతురి కాలేజీ ఫీజు కోసం 'కొంత సొమ్ము' అప్పు చేస్తుంది. ఆ మాట దగ్గర నాకు చిరాకేసింది. ఎంతో రాయొచ్చు కదా అని ఫోన్ చేస్తే, "ధరలు రాస్తే కథ పాతబడిపోతుందని మీరే కదండీ అన్నారు!" అన్నాడు.

అన్నాను. ఈ కాలమ్‌లోనే ఎన్నోసార్లు అన్నాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి అణాల లెక్కని ఎలా పక్కకు నెట్టాయో, 2011 జూన్ 30తో పావలా ఎలా చెల్లకుండా పోయిందో చెప్పి మరీ అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి చూపు తగ్గాక పాత పత్రికల్లో కథలు నేనే చదివి వినిపించేవాణ్ని. ఒక కథలో కొత్త కోడలు బేడ పెట్టి మల్లెపూలు కొంటుంది. నేను చదువుకుంటూ పోతున్నాను. నాయనమ్మ మంచమ్మీద లేచి కూర్చుంది. "బేడ పెట్టి పూలు కొందిట్రా! ఇంటికెళ్తే అత్తగారు ఊరుకుంటుందా?"

బేడంటే ఏమిటని అడిగాను. వక్కల డబ్బా అడుగున వెతికి ఒక నాణెం తీసి నా అరచేతిలో పెట్టింది. పలకలా నాలుగు మూలలు, మూలలు మాత్రం గుండ్రంగా అరిగి ఉన్నాయి. రెండణాలు. "నాట్లకెళ్తే పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నడుం వంచినందుకు ఇలాంటివి నాలుగిచ్చేవారు" అంది. అంటే పావు రోజు బురదలో నిలబడితే ఆ పూలు. ఆ పిల్లకి మొగుడంటే ఎంతిష్టమో కథలో ఎక్కడా రాయలేదు. బేడ అని మాత్రం రాశారు. నాయనమ్మకి అది చాలింది, ఆవిడ చెప్పాక నాకూ చాలింది.

గురజాడ 1897లో 'కన్యాశుల్కం' తొలి కూర్పుకి ఇంగ్లిష్‌లో రాసిన ముందుమాటలో, ఏడాది వయసు పసిపిల్లల్ని 350 నుంచి 400 రూపాయలకు పెళ్లి పేరుతో అమ్మిన సంగతి ఉంది. ఇవాళ ఆ డబ్బుకి ఒక చొక్కా వస్తే గొప్ప. అలాగని అంకె తీసేసి 'పెద్ద మొత్తం' అని చదివి చూడండి. ఆ పసిదాని తలకి ఎవరో కూర్చుని వెల కట్టారన్న సంగతి అంత గట్టిగా తగలదు. రూపాయి విలువ పడిపోయినా ఆ అంకె పాతబడలేదు.

ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు. ధర ఒక్కటే రాస్తే పాతబడుతుంది. పక్కన కూలి కూడా రాస్తే ఏ కాలం పాఠకుడైనా లెక్క కట్టుకుంటాడు.

మళ్లీ ఫోన్ చేశాను. అప్పెంత అని అడిగితే ఐదు వేలన్నాడు. ఇంటికెంతిస్తారంటే పన్నెండొందలట.

"నాలుగిళ్లకీ కలిపితే?"

కాసేపు మాట్లాడలేదు. "నాలుగు వేల ఎనిమిదొందలండీ" అన్నాడు. "నెలంతా చేసినా ఇంకో రెండొందలు తక్కువే."