భాగం 9: సంరక్షకురాలు ఎవరు? డి. జమున వృద్ధాప్య పరిశోధన – విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• వృద్ధాప్య అధ్యయనంలో డి. జమున పరిశోధన తెచ్చిన మార్పు
• సామాజిక బంధాలకు, ఆరోగ్యానికి ఉన్న సంబంధం
• కుటుంబం కేంద్రంగా సాగే పరిశోధన బలాలు, పరిమితులు
• పోలవరం నిర్వాసిత స్త్రీల విషయంలో ఈ పరిశోధనను విస్తరింపజేయవలసిన తీరు

9.1 పరిచయం

"ముసలామెను ఎవరు చూస్తున్నారు?" అని అడిగితే మన ఊళ్ళలో తరచుగా వినిపించే జవాబు "కొడుకు చూస్తున్నాడు" అని. కాని ఆ ఇంట్లో గంజి కాచి ఇచ్చేది, పక్క బట్టలు ఉతికేది, రాత్రి లేచి మంచినీళ్ళు అందించేది చాలాసార్లు కోడలే. జవాబులో ఆమె పేరు రాదు. పరిశోధకుడు కూడా ఇంటి యజమానిని అడిగి తిరిగి వచ్చేస్తే ఆమె పేరు పరిశోధనలోకి కూడా రాదు.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులు పి.వి. రామమూర్తి భారతదేశంలో వృద్ధాప్య మనస్తత్వ అధ్యయనానికి పునాది వేసినవారిలో ఒకరు. ఆ సంప్రదాయంలో ఆయనతో కలిసి పనిచేసి, వృద్ధుల సంరక్షణను, ప్రత్యేకించి సంరక్షణ చేసేవారి స్థితిని ప్రధానాంశంగా తీసుకున్నవారు ఆచార్య డి. జమున. ఈ భాగంలో ఆమె కృషిని పరిచయం చేసి, దాని విలువను, హద్దులను చర్చిస్తాం. హద్దులను పరీక్షించడానికి గోదావరి ఒడ్డున ఉన్న పోలవరాన్ని ఉదాహరణగా తీసుకుంటాం.

9.2 పరిశోధన క్రమం

మూడు రచనలను వరుసగా గమనిస్తే ఈ కృషి సాగిన దారి మీకు తెలుస్తుంది. 1993లో ఎర్డ్‌మన్ పామోర్ సంపాదకత్వంలో వెలువడిన అంతర్జాతీయ వృద్ధాప్య పరిశోధన గ్రంథంలో భారతదేశానికి సంబంధించిన అధ్యాయాన్ని రామమూర్తి, జమున కలిసి రాశారు. దేశంలో ఏం జరుగుతున్నదో ప్రపంచానికి చెప్పే పని అది. 1997లో జమున వృద్ధుల సంరక్షకులలో ఒత్తిడి గురించి భారత వైద్య పరిశోధన పత్రికలో వ్యాసం ప్రచురించారు. 2003లో వృద్ధుల సంరక్షణను, వృద్ధులపై వేధింపును కలిపి చర్చించిన ఆమె వ్యాసం వచ్చింది.

మొదటి రచనలో దృష్టి వృద్ధులపై ఉంది. రెండవ దానిలో వృద్ధుల పక్కన నిలబడిన మనిషిపైకి మళ్ళింది. మూడవది ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించింది. ఈ మలుపే ఆమె కృషిలో ముఖ్యమైనదని ఈ భాగం వాదన.

9.3 ఈ కృషి బలాలు

మొదటిది, సంరక్షణను ఒక పనిగా గుర్తించడం. మన సమాజంలో పెద్దలను చూసుకోవడాన్ని ధర్మంగా చెబుతారు. ధర్మం అన్నాక దానికి పని గంటలు ఉండవు, అలసట ఉండదు, సెలవు ఉండదు. ఒత్తిడి అనే కొలమానాన్ని తెచ్చి, ఆ విషయాన్ని వైద్య పత్రికలో చర్చకు పెట్టడం ద్వారా సంరక్షకురాలి ఆరోగ్యం కూడా ఆరోగ్య విషయమేనని చెప్పినట్లయింది.

రెండవది, సంరక్షణను, వేధింపును ఒకే చోట ఉంచి చూడడం. ఈ రెండూ వేర్వేరు ఇళ్ళలో జరుగుతాయనీ, మంచి కుటుంబాలు, చెడ్డ కుటుంబాలు విడివిడిగా ఉంటాయనీ అనుకోవడం సులభం. కాని ఏళ్ళ తరబడి సాయం లేకుండా మోసిన చేతులే ఒకనాడు విసుక్కుంటాయి. దీన్ని అర్థం చేసుకోవడం వేధింపును సమర్థించడం కాదు; దాన్ని ఆపడానికి ఎక్కడ సాయం అందించాలో తెలుసుకోవడం.

ఈ దృష్టి ఎంత అవసరమో చట్టాన్ని చూస్తే అర్థమవుతుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 "పిల్లలు" అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు ఉన్నారు. కోడలు లేదు. పోషణ బాధ్యత ఎవరిదో చట్టం చెప్పింది. ఆ పోషణను రోజూ చేతులతో చేసేది ఎవరో చెప్పలేదు. కోడలిని కూడా బాధ్యుల జాబితాలో చేరిస్తే సరిపోతుందని మీకు తోచవచ్చు. అప్పుడు ఆమెకు శిక్షాభయం కలుగుతుంది కాని సాయం అందదు. జమున అడిగిన ప్రశ్న అప్పటికీ అలాగే మిగులుతుంది.

9.4 సామాజిక బంధాలు: అంతర్జాతీయ నేపథ్యం

బంధాలకు, ఆయుర్దాయానికి సంబంధం ఉందని గట్టిగా చూపిన అధ్యయనం 1979లో వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం అలమీడా కౌంటీలో 1965లో సర్వే చేసిన 6,928 మందిని తొమ్మిదేళ్ళపాటు గమనించి లీసా బర్క్‌మన్, లెనార్డ్ సైమ్ దీన్ని రాశారు. బంధాలు అతి తక్కువగా ఉన్నవారిలో మరణించే ప్రమాదం, బంధాలు అత్యధికంగా ఉన్నవారితో పోలిస్తే పురుషులలో 2.3 రెట్లు, స్త్రీలలో 2.8 రెట్లు ఉన్నట్లు తేలింది.

వారు లెక్కించిన బంధాలు నాలుగు: వివాహం, బంధుమిత్రులతో రాకపోకలు, చర్చి సభ్యత్వం, ఇతర సంఘాల సభ్యత్వం. ఇక్కడ ఒక తేడాను మీరు గుర్తుంచుకోవాలి. ఆ అధ్యయనంలో బంధం బలాన్నిచ్చేది. జమున పరిశోధనలో అదే బంధం ఒకరికి బలం, మరొకరికి భారం. అత్తకు ఆసరా అయిన బంధమే కోడలి నడుము విరగ్గొట్టవచ్చు. బంధాల సంఖ్యను మాత్రమే లెక్కించే పద్ధతికి ఇది మంచి సవరణ.

9.5 పరిమితులు: పోలవరం ఉదాహరణ

ఇప్పుడు ఈ దృక్పథాన్ని పోలవరంలో పరీక్షిద్దాం. ఒక మనస్తత్వవేత్త నిర్వాసితుల గురించి ఎందుకు రాయలేదని తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. ఆమె ఇచ్చిన పనిముట్టు ఇక్కడ ఎంతవరకు పనిచేస్తుందన్నదే ప్రశ్న.

2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిన పోలవరం కింద 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు స్థానభ్రంశానికి గురవుతున్నట్లు అధికారిక లెక్క. డ్యామ్ పక్కనే ఉన్న రామయ్యపేట, పైడిపాక, చేగొండిపల్లి, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, సింగన్నపల్లి ముందుగా ఖాళీ అయ్యాయి. ముంపు ప్రాంతంలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. కొండరెడ్ల జీవనాన్ని 1940లలో అధ్యయనం చేసిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గ్రంథం 1945లో వచ్చింది.

కొండ దిగువ ఊరిలో ఒక వృద్ధ వితంతువును ఊహించండి. ఆమె బంధాలు ఎక్కడ ఉన్నాయి? కొడుకు ఇంట్లో కొన్ని. మిగిలినవి చింతపండు, అడ్డాకులు ఏరే తోటి ఆడవాళ్ళతో, వారపు సంతలో కలిసే ఆడపడుచుతో, మందుమొక్క అడిగి వచ్చే బాలింతతో. ఆమె ఇతరులకు అవసరమైన మనిషి. పునరావాస కాలనీలో కుటుంబం చెదరకపోవచ్చు. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉండవచ్చు. కుటుంబాన్ని మాత్రమే చూసే ప్రశ్నావళి "బంధాలు యథాతథం" అని నమోదు చేస్తుంది. అడవి లేదు కనుక ఆమె జ్ఞానంతో ఎవరికీ పనిలేదు. ఇచ్చే మనిషి పుచ్చుకునే మనిషిగా మారింది. కోడలి భారం పెరిగింది. కారణం కోడలి మనస్తత్వంలో లేదు, ఊరు మారడంలో ఉంది. ఒత్తిడిని వ్యక్తిలో కొలిస్తే పరిష్కారాన్ని కూడా వ్యక్తిలోనే వెతుకుతాం. ఇదే మొదటి పరిమితి.

నిర్వాసనపై కృషి చేసిన మైకేల్ సెర్నియా చెప్పిన ఎనిమిది ప్రమాదాలలో భూమి, ఉపాధి, ఇల్లు కోల్పోవడంతోపాటు అనారోగ్యం, మరణాలు పెరగడం, సామాజిక అల్లిక విడిపోవడం కూడా ఉన్నాయి. జమున ప్రశ్నను ఈ చట్రంలో ఉంచితే రెండూ బలపడతాయి. సెర్నియా చట్రంలో అల్లిక విడిపోతే దాన్ని మళ్ళీ అల్లే శ్రమ ఎవరిదన్న ప్రశ్న వెనకబడింది. ఆ శ్రమ ఎక్కువగా స్త్రీలదని జమున దృష్టి గుర్తుచేస్తుంది.

రెండవ పరిమితి, వృద్ధురాలిని ఆధారపడిన వ్యక్తిగా చూడడం. 2013 భూసేకరణ చట్టం వితంతువును, విడాకులు పొందిన స్త్రీని, కుటుంబం వదిలేసిన స్త్రీని ప్రత్యేక కుటుంబంగా పరిగణిస్తుంది. సంరక్షణ పరిశోధనలో కొడుకు ఇంటి సభ్యురాలైన అవ్వ, ఈ చట్టం దృష్టిలో తానే ఒక కుటుంబం. ఆమె పేరిట వచ్చిన పరిహారం ఆమె మాటకు విలువ పెంచుతుందా, ఇంట్లో తగాదా పెంచుతుందా? ఇది పరిశోధకులు క్షేత్రంలో తేల్చవలసిన విషయం.

ఆ క్షేత్రపని తనంతట జరగదు. పర్యావరణ ప్రభావ అంచనా అవసరమైన నీటిపారుదల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనాను వర్తింపజేయకుండా అదే చట్టంలోని 6వ సెక్షన్ మినహాయించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీలతో జరిపే ప్రధాన ఇంటర్వ్యూ 15–49 ఏళ్ళవారికే పరిమితం. 2017–18లో మొదలైన భారత దీర్ఘకాలిక వృద్ధాప్య అధ్యయనం 45 ఏళ్ళు, ఆపైబడినవారు, వారి జీవిత భాగస్వాములు మొత్తం 72,000 మందికి పైగా వ్యక్తులను కలిసి ఈ లోటును కొంత పూరించింది. అయితే దేశం, రాష్ట్రం స్థాయిలో అంచనాలిచ్చే సర్వేలో ఒక పునరావాస కాలనీ విడిగా కనిపించదు.

9.6 సారాంశం

సంరక్షణను ధర్మం అన్న మాట చాటు నుంచి బయటికి తెచ్చి, చేసేవారి ఆరోగ్యాన్ని ప్రశ్నగా నిలపడం జమున కృషిలోని శాశ్వతమైన అంశం. కుటుంబం గడప దగ్గర ఆగిపోవడం దాని హద్దు. ఊరే లేచిపోయిన చోట గడప దాటి ఇరుగుపొరుగు, సంత, అడవి వరకు వెళ్ళి బంధాలను లెక్కించాలి. పరిహారం లెక్కలో ఇల్లు ఉంది, భూమి ఉంది; అవ్వకు, ఆమె కోడలికి తెగిపోయిన బంధాలు లేవు. ఎవరో ఒకరు రాసి పెట్టనిదే అవి ఎప్పటికీ లెక్కలోకి రావు.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1993 నుంచి 2003 వరకు జమున రచనలలో దృష్టి ఎలా మారింది?
2. ఒకే బంధం ఒకరికి బలం, మరొకరికి భారం ఎలా అవుతుంది? మీకు తెలిసిన ఉదాహరణతో వివరించండి.
3. కుటుంబం కేంద్రంగా సాగే వృద్ధాప్య పరిశోధన నిర్వాసిత గ్రామాలకు చాలదన్న వాదనను మీరు అంగీకరిస్తారా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
4. మీ వీధిలో 60 ఏళ్ళు దాటిన ఒక స్త్రీతో, ఆమెను చూసుకుంటున్న వ్యక్తితో విడివిడిగా మాట్లాడండి. ఇద్దరూ చెప్పినదానిలో తేడాలను ఒక పేజీలో రాయండి. పేర్లు రాయవద్దు.