తాళము గట్టిదే, తాళపుచెవి మాట యేమి?
కంప్యూటరు ఫైళ్ల గుప్తీకరణ పద్ధతులపై ఒక విమర్శ

విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనుండి రేవులోనికి పోవు జలమార్గము రహస్యము కాదు. సముద్రపటములలో అది గుర్తింపబడియే యున్నది. రాత్రివేళ కొండమీది దీపస్తంభము దాని జాడను ఓడలకు తెలుపుచునే యుండును. దారి యెవ్వరికిని తెలియకుండుటపై రేవు రక్షణ ఆధారపడి యుండలేదు. ఎవరిని లోనికి రానీయవలెనో నిర్ణయించు అధికారముపై ఆధారపడి యున్నది. గుప్తీకరణ శాస్త్రమునకు మూలసూత్రము కూడ ఇట్టిదే. 1883లో ఆగస్ట్ కెర్‌ఖోఫ్స్ అను పండితుడు దీనిని స్పష్టముగా చెప్పెను: పద్ధతి శత్రువు చేతికి చిక్కినను హాని కలుగరాదు, రహస్యమంతయు తాళపుచెవిలోనే యుండవలెను.

ఈ సూత్రమును గీటురాయిగా తీసికొని, మనము ఫైళ్లను కాపాడుకొను తీరును పరీక్షించి చూతము. ఇది నావికాదళమునకు, బ్యాంకులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. నేడు ఒక ఉన్నత పాఠశాల కంప్యూటరులో విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, తల్లిదండ్రుల ఫోను నంబరులు, బ్యాంకు ఖాతాల వివరములు, మార్కుల జాబితాలు ఉండును. అవి పిల్లలవి, మన సొంతము కావు. 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ, ఇతరుల సమాచారమును చేత నుంచుకొన్నవారు తగిన జాగ్రత్త తీసికొనవలెనని చెప్పుచున్నది.

మొట్టమొదట పేర్కొనవలసినది, రక్షణవలె కనబడియు రక్షణ కాని పద్ధతి. ఫోల్డరును కనబడకుండ దాచుట ఇట్టిది. ఎక్సెల్ పట్టికకు 'షీటు ప్రొటెక్షన్' పెట్టుటయు ఇట్టిదే. దానివలన గళ్లలోని అంకెలను మార్చుట కుదరదు గాని, ఫైలులో ఆ అంకెలు మామూలు రూపముననే యుండును. గుప్తీకరణ జరుగలేదు. ఫైలును తెరచుటకే పాస్‌వర్డు అడుగు ఏర్పాటు వేరు. 2007 నుండి వచ్చిన ఆఫీసు ప్రోగ్రాములలో అది నిజమైన గుప్తీకరణమే. పాత '.డాక్', '.ఎక్స్ఎల్ఎస్' ఫైళ్లలో సాధారణముగా వాడబడిన తాళపుచెవి 40 బిట్లది. అనగా సాధ్యమైన తాళపుచెవులు సుమారు 1.1 లక్షల కోట్లు. సెకనుకు 10 లక్షల చొప్పున పరీక్షించు యంత్రము రెండు వారములలోపుననే అన్నిటిని ముగించును.

జిప్ ఫైలుకు పాస్‌వర్డు పెట్టి పంపుట మన కార్యాలయములలో బాగుగ అలవాటైనది. కాని జిప్‌లో రెండు పద్ధతులు కలవు. పాత పద్ధతిలో ఒక లోపమున్నదని 1994లోనే బిహామ్, కోచర్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. లోనున్న విషయములో కొంతభాగము తెలిసినచో పాస్‌వర్డుతో పనిలేకయే తక్కినది విప్పవచ్చును. ప్రతి ఫైలులోను పాఠశాల పేరు, తరగతి, శీర్షికలు ఒకే తీరున ఉండుట యెంత మామూలో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. అందుచేత 7-జిప్ వంటి ప్రోగ్రామును వాడునప్పుడు 'ఏఇఎస్-256' అను పద్ధతిని ఎంచుకొనవలెను. జిప్‌లో ఫైళ్ల పేర్లు బయటికి కనబడును. '7జెడ్' రూపములో పేర్లను కూడ దాచు వీలున్నది.

ఏఇఎస్‌ను నమ్ముట యెందుకు? దాని చరిత్రయే ఇందుకు సమాధానము. 1977లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా గ్రహించిన డిఇఎస్ పద్ధతిలో తాళపుచెవి 56 బిట్లే. 1998లో దానికొరకే నిర్మింపబడిన ఒక యంత్రము 56 గంటలలో ఆ తాళపుచెవిని కనిపెట్టినది. అప్పటికే, 1997లో, క్రొత్త ప్రమాణమునకై బహిరంగమైన పోటీ ప్రకటింపబడినది. 15 పద్ధతులు బరిలోనికి వచ్చినవి. లోకములోని గణితజ్ఞులందరు వాటిలో తప్పులు వెదకిరి. అయిదు చివరికి నిలిచినవి. 2000 అక్టోబరులో బెల్జియము దేశస్థులైన డామన్, రైమన్ రూపొందించిన రైన్‌డాల్ ఎన్నికైనది. 2001 నవంబరులో ఏఇఎస్ అను పేర ప్రమాణమైనది. దాని నిర్మాణము నేడు ఎవరైనను చదువుకొనవచ్చును. విమర్శకు నిలిచినందుననే అది గౌరవము సంపాదించినది. 'మా పద్ధతి మాకుతప్ప వేరెవరికిని తెలియదు' అని చెప్పుకొను ప్రోగ్రామును ఈ కారణముననే దూరముగ నుంచవలెను.

ఇక అసలు లోపమునకు వత్తము. 128 బిట్లు గొప్పవా, 256 బిట్లు గొప్పవా అని తర్కించుటలో మనవారు చూపు శ్రద్ధ, పాస్‌వర్డును ఎంచుకొనుటలో చూపరు. 128 బిట్ల తాళపుచెవులన్నిటిని సెకనుకు లక్ష కోట్ల చొప్పున పరీక్షించినను లక్ష కోటి కోట్ల సంవత్సరములు పట్టును. అట్టి తాళమునకు పుట్టిన తేదీని పాస్‌వర్డుగా పెట్టినచో ఏమగును? నూరేండ్లలో తేదీలు 36,525 మాత్రమే. సెకనుకు ఒక్కటి చొప్పున పరీక్షించినను పది గంటల పని. మొబైలు నంబరు కొంత మేలని తోచును. 6, 7, 8, 9 అంకెలతో మొదలగు పదంకెల సంఖ్యలు 400 కోట్లు. సెకనుకు 10 లక్షల చొప్పున గంటకు కొంచెము పైగా పట్టును. ఏఇఎస్‌ను ఎవరును భేదింపలేదు. అయినను ఫైలు తెరువబడినది!

మంచి ప్రోగ్రాములు దీనికి ఒక విరుగుడు చేసినవి. పాస్‌వర్డునుండి తాళపుచెవిని తయారుచేయు లెక్కను వేలసార్లు, లక్షలసార్లు తిరిగి తిరిగి చేయించును. మనకు అర సెకను ఆలస్యము. దొంగకు ప్రతి ప్రయత్నమునకును అంతే ఆలస్యము. సెకనుకు 1,000 ప్రయత్నములే సాధ్యమైనచో ఆ 400 కోట్లకు 46 దినములు పట్టును. అయినను అది చాలదు. 8,000 మామూలు తెలుగు మాటల జాబితానుండి చీట్లు తీసినట్లు అయిదు మాటలను ఎంచి వరుసగా పేర్చినచో, అదే వేగమున నూరు కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. మాటలు చీటివలన రావలెను. మన ఇష్టమువలన కాదు. ఇష్టపడి ఎంచినది ఇతరులు కూడ ఊహింపగలరు.

పద్ధతి, పాస్‌వర్డు రెండును బాగున్నవనుకొందము. అప్పటికిని ఏ అపాయమునుండి రక్షణ అను ప్రశ్న మిగిలి యుండును. దీనికి విశాఖపట్టణమే పాఠములు నేర్పినది. 2012 జూలైలో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయపు కంప్యూటరులలో దొంగ ప్రోగ్రాము ప్రవేశించినదని పత్రికలు వెల్లడించినవి. ఇంటర్నెట్టుతో సంబంధములేని కంప్యూటరులనుండి అది పెన్‌డ్రైవులలో రహస్యముగ ఫైళ్లను చేర్చుకొని, ఆ పెన్‌డ్రైవు ఇంటర్నెట్టుగల మరొక కంప్యూటరునకు తగిలించినప్పుడు వాటిని బయటికి పంపెడిదని ఆ వార్తల సారాంశము. డిస్కునంతటిని గుప్తపరచు బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్, లక్స్ వంటివి ఇట్టి దొంగను ఆపజాలవు. యజమాని తలుపు తెరచియున్న సమయముననే ఆ దొంగ లోపల నుండును గదా! అవి కాపాడునది ఆపివేసియుండగా దొంగిలింపబడిన ల్యాప్‌టాప్‌ను.

2017 మే నెలలో వాన్నక్రై అను ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటరులలో కొన్నిటిని కూడ పట్టినది. విశాఖపట్టణము జిల్లాలోనివి వాటిలో ఉన్నవి. అది ఫైళ్లను దొంగిలింపలేదు. మనము మెచ్చుకొనుచున్న ఏఇఎస్‌తోనే వాటికి తాళము వేసి, తాళపుచెవికి వెల అడిగినది. ఈ దాడిని అడ్డుకొను సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే విడుదల చేసి యున్నది. తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదో వారిదే ఫైలు అను సత్యము ఇంతకంటె స్పష్టముగ తెలియుట కష్టము. మన పాస్‌వర్డును మనమే మరచినను ఫలితమదే. కావున గుప్తీకరణకు ముందే వేరొకచోట నకలు ఉండవలెను. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరచుట సిగ్గుపడవలసిన పని కాదు. దానిని కంప్యూటరుకే అతికించుట మాత్రము తప్పు.

కావున ఎంపిక అపాయమును బట్టి జరుగవలెను. ల్యాప్‌టాప్ పోవునను భయమున్నచో డిస్కునంతటిని గుప్తపరచవలెను. పెన్‌డ్రైవుపై తీసికొనిపోవు ఫైళ్లకు వెరాక్రిప్ట్ వంటి ప్రోగ్రాముతో గుప్తమైన పెట్టె చేసికొనవలెను. దీనికి మూలమైన ట్రూక్రిప్ట్‌ను దాని కర్తలు 2014 మే నెలలో హఠాత్తుగ విడిచిపెట్టిరి. ప్రోగ్రాము నేటికిని సవరింపబడుచున్నదా అని విచారించుటయు ఎంపికలో భాగమే. ఒక్క ఫైలును పంపవలసినప్పుడు 7-జిప్ చాలును. కాని పాస్‌వర్డును అదే ఉత్తరములో పంపినచో తాళమునకే తాళపుచెవిని వ్రేలాడగట్టినట్లగును. ఫోనులో చెప్పవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో గుప్తీకరణను గూర్చి చెప్పునపుడు అక్షరములను మూడేసి స్థానములు జరుపు సీజరు పద్ధతితో పాఠము ముగించుట పరిపాటియైనది. అది ఆరంభమునకు మంచిదే. కాని రహస్యమనగా పద్ధతిని దాచుట అను భ్రమను విద్యార్థి మనస్సున నాటును. దానితోపాటు పుట్టిన తేదీల లెక్కను, అయిదు మాటల లెక్కను నల్లబల్లపై వేయించుడు. గుణకారము తెలిసిన విద్యార్థికి ఇంతకంటె వేరు ఉపకరణము అక్కరలేదు. ఆ లెక్క స్వయముగ వేసిన పిల్లవాడు తన పుట్టిన తేదీని పాస్‌వర్డుగా మరల పెట్టడు.