నమూనాలో ‘ఉన్నది’ ఏది? – భావనాత్మక నమూనీకరణ పునాదులపై ఒక పరిశీలన

డేటాబేస్ పాఠాల్లో మనం తొలుత నేర్చుకునేది ఎంటిటీ–రిలేషన్‌షిప్ నమూనా. ప్రపంచం ఎంటిటీలతోనూ, వాటి మధ్య సంబంధాలతోనూ కూడి ఉంటుందన్న దృష్టితో పీటర్ చెన్ 1976లో దీన్ని ప్రతిపాదించాడు. ఈ దృష్టి సహజంగానే తోస్తుంది. కాని వివాహాన్ని తీసుకోండి. అది ఇద్దరు వ్యక్తుల మధ్య సంబంధమా? లేక తేదీ, నమోదు సంఖ్య గల ఒక ఎంటిటీయా? ఎలాగైనా చూడవచ్చనీ, నిర్ణయం సంస్థ తరఫున డేటాను నిర్వహించేవారిదేననీ చెన్ స్వయంగా అంగీకరించాడు. అంటే ప్రపంచాన్ని ఉన్నదున్నట్లు చూపుతుందనుకున్న చిత్రంలో మొదటి గీతే ఒక మానవ నిర్ణయం.

ఆ నిర్ణయానికి ఆధారం కోసం యాయిర్ వాండ్, రాన్ వెబర్ తత్త్వవేత్త మారియో బుంగే సత్తామీమాంసను ఆశ్రయించారు. దాని ప్రకారం ప్రపంచం వస్తువుల సముదాయం. గుణాలు వస్తువులకే ఉంటాయి, గుణానికి మళ్లీ గుణం ఉండదు. వైశేషికులు కూడా గుణం గురించి ఇదే చెప్పారు. దీనివల్ల నమూనాలను పరీక్షించే ప్రమాణం ఏర్పడింది: ఒకే గుర్తు రెండు అర్థాలను మోస్తే అది దోషం. ఇది విలువైన మేలే. అయితే రుణం, ప్రవేశం, నియామకం చేతికి తగిలే వస్తువులు కావు. సమాజం అంగీకరించడం వల్లనే అవి ఉన్నాయి. కార్యాలయాల రికార్డులు ఎక్కువగా నమోదు చేసేది వీటినే. భౌతిక వస్తువులను ఉద్దేశించిన పునాది ఈ బరువును సులభంగా మోయలేదు.

ఈ లోటును కొంత పూరించినది జియాన్‌కార్లో గిజార్డి 2005 నాటి సిద్ధాంత గ్రంథం. అందులో ‘వ్యక్తి’ వేరు, ‘విద్యార్థి’ వేరు. వ్యక్తి ఉన్నంతకాలం వ్యక్తే. విద్యార్థి అనేది ఆ వ్యక్తి కొంతకాలం ధరించే పాత్ర.

ఈ భేదం మీకు నేరుగా సంబంధించినది. నిబంధనలకు లోబడి ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. ఒక వ్యక్తికి ఒకే విద్యార్థి రికార్డు, అందులో కోర్సుకు ఒకే గడి ఉన్న నమూనాలో రెండవ ప్రవేశానికి చోటు లేదు. నియమం అవునన్నా, కౌంటర్ దగ్గర ‘సిస్టమ్ తీసుకోవడం లేదు’ అనే జవాబే వస్తుంది. అది యంత్రదోషం కాదు. ఏది ఉన్నదో ముందుగా తేల్చినవారి తాత్త్విక దోషం. కాబట్టి గీత గీసే ముందు కారణం చెప్పగలగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ‘ఉద్యోగి’ అనేది వ్యక్తి స్వరూపమా, పాత్రా? కారణాలతో వివరించండి.