ఏడడుగుల నీరు, ఒకటిన్నర ఘాతం

భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర గోదావరికి అడ్డంగా ఒక పాత ఆనకట్ట ఉంది. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని కాటన్ దొర తలపెట్టిన పథకంలో భాగంగా 19వ శతాబ్దంలో కట్టారు. 1871లో పథకం ఆగిపోయింది, కట్ట మిగిలింది.

ఇలాంటి కట్ట మీంచి ఎంత నీరు పొర్లుతోందో చెప్పే సూత్రం చిన్నదే. కట్ట పైఅంచు మీద నీటి ఎత్తును ఒకటిన్నర ఘాతానికి పెంచి, కట్ట పొడవుతోనూ ఒక గుణకంతోనూ గుణించాలి. వెడల్పాటి అంచుకు అడుగుల లెక్కలో ఆదర్శ గుణకం 3.09. చిక్కల్లా ఆ ఒకటిన్నర ఘాతంతోనే.

నీరు ఏడడుగులు ఉందనుకుందాం. లాగ్ టేబుల్లో 7కు 0.8451. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 1.2677. గుణకం లాగ్ 0.4900 కలిపితే 1.7577. యాంటీలాగ్ చూస్తే 57.24. అంటే అడుగు పొడవుకు సుమారు 57 క్యూసెక్కులు. వర్గమూలం తీసే పని లేకుండా ఒక చిన్న గుణకారం, ఒక కూడిక, మూడు చూపులతో లెక్క తేలింది. వరదకు దిగువ మట్టం కూడా పెరిగి కట్ట మునిగితే మాత్రం సూత్రం మారుతుంది.

7కు, 70కి, 700కు లాగ్‌లో దశాంశ భాగం ఒకటే. అందుకే 1 నుంచి 10 వరకు వేసిన పట్టిక అన్ని సంఖ్యలకూ సరిపోతుంది. నేపియర్ 1614లో దారి చూపితే, బ్రిగ్స్ 10ని ఆధారంగా తీసుకుని 1624లో 30,000 సంఖ్యలకు 14 దశాంశాల దాకా లాగ్‌లు అచ్చువేశాడు. అంతా చేతి లెక్కే.

లాగ్ బీజాతీత ప్రమేయం. కూడికలు, గుణకారాలు, మూలాలు ఎన్ని చేసినా కచ్చితంగా చిక్కదు, దగ్గరికి మాత్రమే చేరగలం. కంప్యూటర్‌దీ అదే అవస్థ, ఉపాయమూ పాతదే. 10 ఘాతాల బదులు 2 ఘాతాలను విడదీస్తుంది. 7ను 8 × 0.875గా విడదీస్తే, 8 సహజ లాగ్ 2.079441542. మిగిలిన 0.875 ఒకటికి దగ్గరే కాబట్టి చిన్న శ్రేణి చాలు: (1 − 0.875)ను (1 + 0.875)తో భాగిస్తే వచ్చే పదిహేనో వంతు, దాని ఘనంలో మూడో వంతు, అయిదో ఘాతంలో అయిదో వంతు. ఈ మూడింటినీ కూడి రెట్టింపు చేసి తీసేస్తే 1.94591015. ఎనిమిది దశాంశాలూ సరైనవే.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు కాలిక్యులేటర్ మీట నొక్కే ముందు ఈ లెక్కను ఒక్కసారి కాగితం మీద చేసి చూడాలి. మీట వెనకున్న పనితనం అప్పుడే తెలుస్తుంది.